స్నానాలగది పొగగొట్టం

తార్నాకలో ఆ ఇంటి వెనక వాటా చూడటానికి వెళ్లినప్పుడు ఇంటాయన మాకు గదులకన్నా ముందు స్నానాలగది చూపించాడు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

ఆయన రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరైన మనిషి. భువనగిరి దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం నుంచి వచ్చి, ముప్పై ఏళ్లు ఇంజన్ల మధ్య గడిపి, తార్నాకలో స్థలం కొని ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఆయనకు అన్నిటికన్నా ముద్దొచ్చేది స్నానాలగది మూలన నిలబెట్టిన బాయిలరు. పెద్ద ఇనప పీపా, కింద బొగ్గుల పొయ్యి, ముందు ఇత్తడి కుళాయి, పక్కనుంచి గోడలోకి దూరిపోయిన పొగగొట్టం.

"ఇది నేను సొంతంగ తయారు చేసిన," అన్నాడు, పీపా మీద అరచేత్తో తడుతూ. "అయిదు గంటలకు నిప్పేస్తె ఏడున్నర దాంక రెండు వాటాలకు సరిపోను వేడినీళ్లు. మీరు పొయ్యి మీద కాగబెట్టుకునే పనే లేదు."

మా ఆయన చన్నీళ్లంటే వణికే మనిషి. గదులు చూడకుండానే సరేనన్నాడు.

అవి అరవైల చివరి సంవత్సరాలు. నేను యూనివర్సిటీలో కెమిస్ట్రీ డెమాన్‌స్ట్రేటర్‌ని. మా ఆయన హబ్సిగూడలో ఒక సైన్సు సంస్థలో స్టోర్సు చూసేవాడు. ఇద్దరిదీ గుంటూరు వైపు. మా నాన్న మిషన్ స్కూల్లో మాస్టారు. పెళ్లయి అప్పటికి ఏడాది. ఇల్లు యూనివర్సిటీకి నడిచి పోయేంత దూరంలో ఉందన్న ఒక్క కారణానికి నేనూ తలూపాను.

స్నానాలగది రెండు వాటాలకూ ఉమ్మడి. మా పడకగది గోడకు ఆనుకునే ఉండేది. ఆ పక్కన, ప్రహరీకీ ఇంటికీ మధ్య, మనిషి ఒక వారకు తిరిగి నడవగలిగినంత సందు. పొగగొట్టం ఆ సందులోకి తెరుచుకుంది. ఎక్కడ తెరుచుకుంది? మా పడకగది కిటికీకి మూరెడు కింద.

డిసెంబరు వచ్చేదాకా ఏమీ తెలియలేదు. చలి ముదిరాక ఇంటాయన బొగ్గులు రెట్టింపు వేయడం మొదలుపెట్టాడు. నాకు పొద్దున లేవగానే తలనొప్పి. కణతల మీద ఎవరో బొటనవేళ్లు పెట్టి నొక్కుతున్నట్టు ఉండేది. కాఫీ కడుపులో నిలిచేది కాదు. ఇంటావిడ నా మొహం చూసి ముసిముసిగా నవ్వి, "నెల తప్పినవా బిడ్డా?" అని అడిగింది. కాదన్నాను. నమ్మలేదు. మరునాడు చింతకాయ తొక్కు గిన్నెలో పెట్టి పంపింది.

మా ఆయన సిద్ధాంతం వేరు. "నీ ల్యాబే కారణం. రోజంతా ఆ వాయువులు పీలుస్తావు. తలనొప్పి రాక ఏమొస్తుంది?"

"ల్యాబుకు వెళ్లేది పదింటికి. తలనొప్పి లేవగానే."

"నిన్నటిది ఇవాళ తేలుతుందేమో."

కెమిస్ట్రీ చదివింది నేను. అయినా మూడు వారాలు ఆ మాట నమ్మాను. క్రిస్మస్ సెలవుల్లో ల్యాబు మూసి ఉన్న పది రోజులూ తలనొప్పి తగ్గకపోగా ఎక్కువైంది. ఒకరోజు పొద్దున కిటికీ దగ్గర నిలబడి జడ వేసుకుంటుంటే కింది నుంచి వెచ్చటి గాలి మోచేతికి తగిలింది. డిసెంబరు పొద్దున్నే సందులోంచి వేడిగాలి. తల బయటికి పెట్టి చూశాను. గొట్టం మూతి మీద గాలి సన్నగా వణుకుతోంది. పొగ లేదు. అదే నన్ను భయపెట్టింది. బొగ్గు సరిగా గాలి ఆడని చోట మండితే వచ్చే వాయువుకు పొగ ఉండదని ప్రతి ఏడూ పిల్లలకు చెప్పేదాన్ని. కార్బన్ మోనాక్సైడ్, రంగు లేదు, వాసన లేదు, రక్తంలో ఆమ్లజని చోటు తను ఆక్రమిస్తుంది. బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో. రాసి, ఇంటికొచ్చి, దాన్ని పీలుస్తూ నిద్రపోయాను.

ఆ పొద్దునే ఇంటాయన దగ్గరికి వెళ్లాను. వాకిట్లో పళ్లు తోముకుంటున్నాడు.

"బాబాయిగారూ, మీ బాయిలర్ గొట్టం మా కిటికీ కింద ఉందండి. దాంట్లోంచి వచ్చే గాలి మా గదిలోకి వస్తోంది. మంచిది కాదు."

"పొగ వస్తున్నదా?"

"పొగ కాదండి. గ్యాసు."

ఆయన నోరు పుక్కిలించి, తుండుతో మూతి తుడుచుకుని సందులోకి వచ్చాడు. గొట్టం దగ్గర వంగి చూశాడు. వాసన చూశాడు.

"ఏం లేదు గదమ్మా."

"కనిపించదండి. వాసన కూడా ఉండదు."

"కనిపియ్యది, వాసన రాదు. మరి ఉన్నదని నీకెట్ల తెలిసింది?"

"చదువుకున్నాను బాబాయిగారూ."

"నేను ముప్పై ఏండ్లు ఇంజన్ల పొగ మింగిన. నాకేమైంది? గట్టిగనే ఉన్న." ఛాతీ మీద కొట్టుకుని చూపించాడు. "బొగ్గు నిప్పుకు పొగనే ఉండదు. కట్టెలైతె నువ్వు చెప్పినట్టు అయితది."

ఆ సంభాషణ నెల రోజుల్లో ఆరేడుసార్లు జరిగింది. ప్రతిసారీ ఆయన గొట్టం దాకా వచ్చి వాసన చూసేవాడు. ఒకసారి మూతి దగ్గర చెయ్యి పెట్టి, "వెచ్చగ మంచిగున్నది," అన్నాడు. నేను కిటికీ మూసి పడుకుంటే మా ఆయన ఊపిరాడటం లేదని తెల్లారగట్ల లేచి తెరిచేవాడు. సరిగ్గా బొగ్గులు అంటుకునే వేళకు. నేను లేచి మూసేదాన్ని. కాసేపటికి మళ్లీ తెరిచేవాడు. "కొంచెం సర్దుకుపో, వేడినీళ్లు ఇస్తున్నాడు కదా," అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా తలనొప్పి ఇంకాస్త పెరిగేది.

జనవరి చివర్లో ఇంటాయనే ఒక రోజు మెత్తబడ్డాడు. నా పోరు పడలేకో, మొహం చూసి జాలిపడో తెలియదు. నేను చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ గేటు దాటుతున్నాను. మొదటి పీరియడుకే ప్రాక్టికల్స్. పదిహేను నిమిషాల్లో క్యాంపస్ చేరాలి.

"అమ్మా, గొట్టం తిప్పుత. యాడికి తిప్పాల్నో చెప్పు."

ఆగలేదు. నడుస్తూనే చెయ్యి చూపించాను. "అటు తిప్పండి బాబాయిగారూ, ఆ వెనక మూలకి. మా కిటికీకి దూరంగా ఉంటే చాలు."

నన్ను అడిగిన ఒకే ఒక్కసారి ఆయనకు నేనిచ్చిన సలహా అది. ఆ మూలన ఏముందో వెళ్లి చూడలేదు. మా కిటికీకి ఎంత దూరమో ఆలోచించాను గాని, ఎవరి కిటికీకి దగ్గరో ఆలోచించలేదు.

ఆదివారం ఆయన గోడకు కొత్త కన్నం కొట్టి గొట్టాన్ని వెనక మూలకు తిప్పాడు. పాత కన్నం సిమెంటుతో పూడ్చాడు. వారం తిరిగేసరికి నా తలనొప్పి పోయింది. మా ఆయన, "చూశావా, నువ్వు ల్యాబులో కిటికీలు తీసి పని చేస్తున్నావు, అందుకే," అన్నాడు.

వెనక మూల అంటే స్నానాలగది గోడ, ఇంటివాళ్ల సామాన్ల గది గోడ కలిసే చోటు. మూడో పక్క ప్రహరీ. ఆ సామాన్ల గదిలో గింజల బస్తాలు, పచ్చడి జాడీలు, ఇంటావిడ దేవుడి పటాలు ఉండేవి. గాలికోసం గోడలో చిన్న జాలీ పెట్టారు. పొద్దున ఆరింటికి స్నానం చేసి ఆవిడ ఆ గదిలో కూర్చునేది. దీపం పెట్టి, పూజ చేసుకుని, తర్వాత అక్కడే చాటలో బియ్యం ఏరుకునేది. చలికి తలుపు మూసుకునేది. ఇవన్నీ నాకు తెలియని సంగతులు కావు. రోజూ చూస్తున్నవే.

శివరాత్రికి ముందు సోమవారం. ఆవిడ సోమవారాలు ఒక్కపొద్దు ఉంటుంది. నేను టిఫిను డబ్బా సర్దుకుంటున్నాను. వెనక నుంచి ఇత్తడి పళ్లెం పడిన చప్పుడు వినిపించింది. పిల్లి అనుకున్నాను. తర్వాత ఏ చప్పుడూ లేదు. పిల్లయితే ఇంటావిడ కేక వేస్తుంది. ఆ కేక రాలేదు.

వెళ్లి తలుపు తోశాను. ఆవిడ బియ్యం చాట మీద ఒరిగిపోయి ఉంది. మొహం ఎర్రగా కందింది. కళ్లు సగం తెరిచి, ఏదో అంటోంది గాని మాట మాటను అంటుకుని వస్తోంది. గదిలో ఉక్కగా ఉంది. జాలీలోంచి, డిసెంబరులో నా మోచేతికి తగిలిన వెచ్చదనమే, నా మొహానికి తగిలింది.

చంకల కింద చేతులు వేసి వాకిట్లోకి లాగాను. ఆవిడ బరువు మనిషి. నేను అరిచిన అరుపుకి మా ఆయన సబ్బు నురగ మొహంతో పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరం కలిసి నులకమంచం మీద పడుకోబెట్టాం. బాయిలర్ పొయ్యి మీద నేనే బిందెడు నీళ్లు కుమ్మరించాను. ఇంటాయన పాల కోసం వెళ్లినవాడు వచ్చి, చెంబు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

కాసేపటికి ఆవిడ వాంతి చేసుకుని కళ్లు పూర్తిగా తెరిచింది. "తల పగులుతున్నది," అంది.

"ఒక్కపొద్దు ఉంటది, పైత్యం లేచింది," అన్నాడు ఇంటాయన. వాకిట్లో చేరిన పక్కింటివాళ్లందరూ పైత్యమే అన్నారు. వీధి చివర డాక్టరు వచ్చి నాడి చూసి, కడుపు ఖాళీగా ఉండి నీరసపడింది, విశ్రాంతి కావాలన్నాడు.

నాకు తెలుసు. నోరు తెరవలేదు. డబ్బా తీసుకుని క్యాంపస్‌కి వెళ్లిపోయాను. ఇన్నేళ్ల తర్వాత కూడా నా మీద నాకు విసుగు పుట్టించేది ఆ నడకే. నెల రోజులు ఊపిరి సలపకుండా వాదించినదాన్ని, నా మాట నిజమని తేలిన రోజున మూగదాన్నయిపోయాను. ఎందుకంటే ఆ గొట్టాన్ని అక్కడ పెట్టించింది నేను. పైత్యమనుకుంటే నా పేరు రాదు.

ప్రాక్టికల్స్ సగంలో ఉండగా ఒక గాజు గొట్టం చేతిలో పగిలింది. మధ్యాహ్నం క్లాసు ఇంకొకరికి అప్పగించి ఇంటికి వచ్చేశాను.

ఇంటావిడ మంచం మీద కూర్చుని మజ్జిగ తాగుతోంది. ఇంటాయన ఎదురుగా అరుగు మీద ఉన్నాడు. నిలబడే చెప్పాను.

"పైత్యం కాదు పిన్నిగారూ. ఆ బాయిలర్ గ్యాసు మీ జాలీలోంచి లోపలికి వచ్చింది. గొట్టం అక్కడికి తిప్పమన్నది నేనే. చూడకుండా చెప్పాను. తప్పు నాది."

ఇంటాయన మొహం ముడుచుకున్నాడు. "గొట్టానిదేం తప్పు లేదు," అన్నాడు. నా తప్పు గురించి ఆయనకు పట్టలేదు. ఆయన గొట్టాన్ని వెనకేసుకొచ్చాడు.

ఇంటావిడ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. "నువ్వు చెప్పంగనే తిప్పిండా ఈయన? ముప్పై ఏండ్ల సంది నేను చెప్తున్న మాట ఒక్కటి వినలే. నీది ఒక్క మాట వింటె గిట్లయింది." తర్వాత నా చెయ్యి చూసి, "రక్తమేంది బిడ్డా?" అంది. గాజు గీసుకున్న సంగతి అప్పటిదాకా నేను చూసుకోలేదు. పసుపు తెమ్మని మొగుణ్ణి లోపలికి పంపింది.

మరునాడు మా డిపార్టుమెంటులో గొట్టాల పని చూసే ముసలి మేస్త్రీని వెతుక్కుంటూ వెళ్లాను. ల్యాబులో విషవాయువులు పుట్టే ప్రయోగాలకు గాజు తలుపుల అర ఒకటి ఉండేది. దాని గొట్టం ఎప్పుడు తుప్పు పట్టినా బాగుచేసేది ఆయనే. పాతబస్తీ మనిషి. నేను చెప్పింది అంతా విని, బీడీ ఆర్పి, ఒక ప్రశ్న వేశాడు.

"మేడం, మీ ల్యాబ్ పైపు మూతి ఏడ ఉన్నదో ఎప్పుడన్న చూసిన్రా?"

చూడలేదు. నాలుగేళ్లుగా దాని కింద నిలబడి పనిచేస్తున్నాను. బయటికి తీసుకెళ్లి చూపించాడు. ఆ గొట్టం గోడ వెంట పైకి పాకి, కప్పు మీది పిట్టగోడను దాటి, ఇంకా మనిషెత్తు పైకి పోయి, నెత్తిన రేకు టోపీతో నిలబడి ఉంది. చుట్టుపక్కల ఒక్క కిటికీ లేదు.

"ఊకెనే అంత పైకి తీసుకపోయినమా?" అన్నాడు.

ఆదివారం పొద్దున తార్నాక వచ్చాడు. ముందు బాయిలర్ చూస్తాడనుకున్నాను. చూడలేదు. ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తర్వాత ఇంటావిడను అడిగి నాలుగు అగరువత్తులు తీసుకుని, ఒకటి వెలిగించి సందులో పట్టుకున్నాడు. పొగ నేరుగా పైకి లేచి మా కిటికీ చూరు కింద తచ్చాడి లోపలికి దూరింది. వెనక మూలలో పట్టుకున్నాడు. పొగ పైకి పోలేదు. మౌలాలి గుట్ట వైపు నుంచి వచ్చే చలిగాలి ప్రహరీ దాటి ఆ మూలలో పడి, అక్కడే సుడి తిరుగుతోంది. పొగ రెండు చుట్లు తిరిగి, ఎవరో పిలిచినట్టు జాలీలోకి వెళ్లిపోయింది.

"చూసిన్రా సాబ్," అన్నాడు ఇంటాయనతో. "ఇది మూల. ఈడ హవాకు తొవ్వ లేదు. మూలల, సందుల, కిటికీ కింద, జాలీ పక్కన పైపు మూతి పెట్టొద్దు. గ్యాస్ కనిపియ్యది, వాసన రాదు. అయిన ఉంటది."

"అవునవును," అన్నాడు ఇంటాయన. "గంతే మరి."

నేను గోడకు చేరగిలబడ్డాను. డిసెంబరు నుంచి నేను చెప్పిన మాటే. అక్షరం మారలేదు. మా ఆయన నా వైపు చూసి, నవ్వబోయి మానుకున్నాడు. అది ఆయన చేసిన మంచి పనుల్లో ఒకటి.

అప్పుడు మేస్త్రీ స్నానాలగదిలోకి వెళ్లి బొగ్గులు అంటించి, బయటికొచ్చి తలుపు మూయించాడు. అయిదు నిమిషాల తర్వాత తెరిచి, "నిప్పుకు దమ్ము ఆడుతలేదు," అన్నాడు. చలి వస్తుందని ఇంటాయన తలుపు కింది సందును ఎప్పుడో గోనెపట్టాతో కప్పి ఉంచాడు. గాలి అందక బొగ్గు సగమే కాలుతోంది. అది నాకూ తట్టలేదు. గొట్టం మూతి గురించే కొట్లాడాను గాని, లోపలికి వచ్చే గాలి గురించి ఒక్క మాటా అనలేదు.

ఆ రోజంతా ఇద్దరు ముసలివాళ్లూ పని చేశారు. స్నానాలగది గోడలో నేలకు జానెడు పైన ఇటుక తీసి గాలికి కన్నం పెట్టారు. పొగగొట్టాన్ని వంకరలు లేకుండా నిటారుగా కప్పు మీదికి ఎక్కించారు. పిట్టగోడను దాటాక ఎంత ఎత్తు పోవాలన్న దగ్గర గొడవ వచ్చింది. జానెడు చాలన్నాడు ఇంటాయన. ఇంజను గొట్టం ఎంతుంటదో తనకు తెలుసన్నాడు.

"ఇంజన్ ఉరుకుతది సాబ్. పొగను ఎనక ఇడిసిపెట్టి పోతది. మీ ఇల్లు ఉరుకుతదా?" అన్నాడు మేస్త్రీ.

మనిషెత్తు పెట్టారు. మేస్త్రీ అప్పుడు పక్కింటి వైపు చూసి ఆగాడు. వాళ్లు పై అంతస్తు లేపుతున్నారు. గోడలు నడుం దాకా వచ్చాయి. "ఆడ రేపు కిటికీ వస్తదా?" అని ఇక్కణ్ణుంచే కేకవేసి అడిగాడు. వస్తుందన్నారు. గొట్టాన్ని విప్పి, కప్పు అవతలి వైపుకు, వాళ్ల గోడకు దూరంగా మార్చారు. ఇంటాయన గొణుక్కుంటూనే పట్టుకున్నాడు. సాయంత్రం ఇంటావిడ ఇద్దరికీ జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. మేస్త్రీ నా దగ్గర ఏమీ పుచ్చుకోలేదు. "ల్యాబ్‌ల ఎప్పుడన్న తల ఎత్తి చూస్తుండున్రి మేడం," అని మాత్రం అన్నాడు.

ఆ తర్వాత ఎవరికీ తలనొప్పి రాలేదు. కానీ నెల తిరక్కుండానే ఇంటాయన వచ్చిన చుట్టాలందరినీ డాబా ఎక్కించి గొట్టం చూపించడం మొదలుపెట్టాడు. "మూలల పెట్టొద్దు. గ్యాస్ కనిపియ్యది, వాసన రాదు. నాకు మొదటి నుంచే తెల్సు," అని వివరించేవాడు. కింద బట్టలు ఆరేస్తూ నాకు వినపడేది. బౌద్ధనగర్ నుంచి వచ్చిన ఆయన తమ్ముడు ఒకసారి దిగి వచ్చి, "మా అన్న చదువుకోలేదు గని, మస్తు తెలివమ్మా," అన్నాడు నాతో. నేను బట్టలు పిండుతూనే తలూపాను.

మరుసటి ఏడు నాకు క్యాంపస్‌లో క్వార్టరు వచ్చింది. రాతిగోడలు, ఎత్తయిన కప్పు, వంటింట్లో ఇంగ్లీషువాళ్ల తరహా పెద్ద పొగగూడు. సామాను ఇంకా బండి మీదే ఉంది. నేను ఇంటి చుట్టూ తిరిగాను. కిటికీలు చూశాను, గాలి ఎటు వీస్తోందో చూశాను, కప్పు మీద పొగగూడు మూతి చూశాను. అన్నీ సరిగానే ఉన్నాయి. లోపలికి వచ్చి పొయ్యి దగ్గర అగరువత్తి వెలిగించి పట్టుకున్నాను. పొగ పైకి పోవడానికి బదులు నా మొహం మీదికి వచ్చింది.

చెయ్యి లోపలికి పెట్టాను. మెత్తగా ఏదో తగిలింది. వానకు నీళ్లు కారుతున్నాయని మునుపున్నవాళ్లు గోనెసంచులు కుక్కి వెళ్లారు. పట్టి లాగితే రెండు సంచులు, వాటితోపాటు ఏళ్ల మసి, ఒక పిచ్చుక గూడు నా నెత్తిన పడ్డాయి.

మా ఆయన బిందె మోసుకుంటూ గుమ్మంలో ఆగాడు. నల్లగా నిలబడ్డ నన్ను ఎగాదిగా చూశాడు.

"ముందు టీ పెట్టుకుందామా?" అన్నాడు.

"ఇంకో సంచి ఉంది," అన్నాను. "నిచ్చెన పట్టుకురా."